గోపీచంద్ బొమ్మల పుస్తకం: ముఖం పోలిక రాలేదని రఫ్‌లు మొత్తం వెనక్కి పంపారు

పెన్నా_గీతలు
బ్యాడ్మింటన్ ఆటగాడు పుల్లెల గోపీచంద్ జీవితం మీద పిల్లల బొమ్మల పుస్తకం ఒకటి వేస్తున్నారు, 32 పేజీలు, ఆరు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లలకి. రచన వేరేవాళ్ళది, బొమ్మలు నావి. పెన్సిల్ రఫ్‌లు అన్నీ ఇచ్చాను, నిన్న పబ్లిషరు మూటకట్టి వెనక్కి పంపారు. ఏ పేజీలోనూ ముఖం అచ్చం ఆయనలా లేదట. ఆయన పుట్టిన ఊరు నాగండ్ల పేజీలో పూరి గుడిసె, ఎడ్లబండి లేవు కాబట్టి పల్లెటూరి ఫీల్ రావట్లేదట. మోకాలి ఆపరేషన్ పేజీ చూసి పిల్లలు భయపడతారు, తీసెయ్యమన్నారు. కవరు మీదైతే ట్రోఫీ పట్టుకుని నవ్వుతూ ఉండాల్సిందే. నేను గాల్లోకి ఎగిరి స్మాష్ కొట్టే మనిషిని వెనక నుంచి గీశాను, ముఖం కనపడదు. దానికి ఫోన్ చేసి మరీ క్లాసు పీకారు. ముఖం కనపడకపోతే అది ఎవరి పుస్తకమో ఎట్టా తెలుస్తుంది అని. పేరు ఇంత అక్షరాల్లో కవరు మీదే ఉంటుంది గదా?
ఆటగాళ్ళ బొమ్మలు గీసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, నేను మొండికేస్తున్నానా, వాళ్ళు మొండికేస్తున్నారా?

ఒంగోలు_గిత్త
ఎడ్లబండి కావాలంటే నన్నడగండి, మోడలింగ్ ఫ్రీ.

ఇంకొల్లు_మిరపకాయ
గుడిసె గీయమన్న ఆ పెద్దమనిషిని ఒకసారి మా వైపు రమ్మనండి. నాగండ్ల మా ఇంకొల్లు మండలమే. గోపీచంద్ పుట్టింది 1973 నవంబరు 16న, 1873లో కాదు. ఆంధ్రలో పల్లె అనగానే గుడిసె, బావి, తాటిచెట్టు, తలపాగా తాత, ఇవన్నీ ఎవరో రబ్బరు స్టాంపు చేసి పెట్టినట్టున్నారు. మాది నల్లరేగడి. శనగ, మిరప, పొగాకు. ఎండాకాలం వస్తే నేల పర్రెలు విచ్చి పిల్లాడి కాలు దిగేంత సందులు పడతాయి. కళ్ళాల్లో మిరపకాయలు ఆరబోస్తే దూరం నుంచి చూసినా కళ్ళు ఎర్రబడతాయి. ఆ నలుపు, ఆ ఎరుపు రెండూ పెడితే చాలు, మా ఊరివాడు ఎవడు చూసినా గుర్తుపడతాడు. హీరో అవ్వాలంటే ముందు పేదవాడై ఉండాలని రూలేమైనా ఉందా?

ఒంగోలు_గిత్త
మీది బాపట్ల జిల్లా కదా ఇప్పుడు. ప్రకాశం హీరో అని వేస్తే మీవాళ్ళు ఊరుకుంటారా?

ఇంకొల్లు_మిరపకాయ
2022లో గీత మార్చారు, నిజమే. ఒంగోలు జిల్లా ఏర్పడింది 1970లో, దానికి ప్రకాశం పేరు పెట్టింది 1972లో, ఆయన పుట్టింది 1973లో. కాబట్టి పుట్టినప్పుడు ప్రకాశమే, పుస్తకంలో అట్టాగే వెయ్యండి. కింద చిన్న అక్షరాల్లో ఇప్పుడు బాపట్ల అని పెడితే మాకూ అభ్యంతరం లేదు.

కందుకూరు_మాస్టారు
మమ్మల్ని అదే 2022లో ప్రకాశం నుంచి తీసి నెల్లూరులో వేశారు. మా బాధ ఎవరూ బొమ్మల పుస్తకం వెయ్యరు లెండి.
విషయానికొస్తే, నేను ప్రైమరీ స్కూల్లో పిల్లలకి చదివి వినిపిస్తుంటాను. ఆ వయసు పిల్లలకి గోపీచంద్ ముఖం తెలియదు. ఆయన ఆల్ ఇంగ్లండ్ టోర్నీ గెలిచిన 2001లో వాళ్ళ అమ్మానాన్నలే బడికి వెళ్తున్నారు. పోలిక వచ్చిందా లేదా అని చూసేది పుస్తకం కొనే పెద్దవాళ్ళు. పిల్లలు చూసేవి వేరే. మూలన కుక్క ఉంటే అన్ని పేజీల్లోనూ ఆ కుక్కని వెతుకుతారు. మొదటి పేజీలో పిల్లాడికి చెవి కాస్త పెద్దదిగా ఉంటే చివరి పేజీలో పెద్దాయనకి కూడా ఆ చెవి ఉందా అని అడుగుతారు. పోలిక అంటే ఫోటోతో పోలిక కాదు, పుస్తకంలో మొదటి బొమ్మకీ చివరి బొమ్మకీ మధ్య ఉండాల్సిన పోలిక.

షటిల్_పిచ్చోడు
రోజూ పొద్దున ఐదున్నరకి ఇండోర్ కోర్టులో ఉండేవాణ్ణి, అందుకే నా గోల వేరు. ముఖం సంగతి దేవుడెరుగు, ముందు షటిల్ సరిగ్గా గీశారా? పిల్లల పుస్తకాల్లో, స్కూలు గోడల మీద ఎక్కడ చూసినా షటిల్ ఈకలు ముందుకు పెట్టి ఎగురుతుంటుంది. అది ఎప్పుడూ బెండు ముందుకే వస్తుంది. రాకెట్ తగిలిన క్షణంలో తిరగబడి మళ్ళీ బెండే ముందు. ఈకలు 16, బరువు ఐదు గ్రాములు అటూ ఇటూ. రెండోది స్కోరు బోర్డు. ఆల్ ఇంగ్లండ్ ఫైనల్లో చెన్ హాంగ్ మీద 15-12, 15-6. అప్పుడు 15 పాయింట్ల ఆట, సర్వీసు చేసేవాడికే పాయింటు. 21 పాయింట్ల పద్ధతి వచ్చింది 2006లో. ఇప్పటి పిల్లలు ఆడేది 21 కాబట్టి మీ రచయిత గాని 21 అని రాసి ఉంటే వెంటనే ఆపండి.

పెన్నా_గీతలు
@షటిల్_పిచ్చోడు స్కోరు సరిగ్గానే ఉంది. షటిల్ ఒక పేజీలో మీరు చెప్పినట్టే ఈకలు ముందుకి ఉంది, ఇప్పుడే చెరిపాను 😀

మైపాడు_రొయ్య
ఇంత గొడవ ఎందుకు, ఏఐలో కొట్టండి, ఐదు నిమిషాల్లో 32 పేజీలు.

షటిల్_పిచ్చోడు
కొట్టి చూశాం అన్నా. రాకెట్‌కి రెండు తలలు, షటిల్‌కి కోడి ముక్కు. ఒక బొమ్మలో నెట్ ఆయన నడుముకి చుట్టుకుని ఉంది.

మైపాడు_రొయ్య
అదే జనాలకి నచ్చేది.

ట్రంకురోడ్డు_డీటీపీ
నెల్లూరులో పేజీలు పెట్టేవాణ్ణి, నా ఏడుపు కూడా వినండి. బొమ్మలేసేవాళ్ళు తెలుగు అక్షరానికి చోటు వదలరు. మన లిపికి పైన గుడి, కింద ఒత్తు, లైనుకీ లైనుకీ మధ్య ఎడం ఎక్కువ కావాలి. పిల్లల పుస్తకమైతే అక్షరం పెద్దది, ఇంకా ఎక్కువ కావాలి. మీరు ఆకాశమంతా మబ్బులు గీసేసి ఇస్తే ఆ మబ్బుల మీద నల్లక్షరం పెట్టి, కనపడట్లేదని దాని చుట్టూ తెల్ల గీత పెట్టి, చివరికి సినిమా పోస్టరులా తయారవుతుంది. రఫ్ దశలోనే రచన ప్రింటు తీసి, ముక్కలు కత్తిరించి, బొమ్మ మీద పెట్టి చూసుకోండి. ముఖాన్ని ఎప్పుడూ రెండు పేజీల మధ్య మడతలో పెట్టకండి, ముక్కు లోపలికి పోతుంది. నాలుగు వైపులా మూడు మిల్లీమీటర్లు అదనంగా గీయండి, కటింగ్‌లో పోతుంది.
ఇంకో ముఖ్యమైన సంగతి. బొమ్మని అద్దంలోలాగా తిప్పి వేస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. నా కళ్ళముందే జరిగింది, వేరే పుస్తకంలో. బొమ్మలో మనిషి ఎడమవైపు పరిగెత్తుతున్నాడు, పేజీ తిప్పేది కుడివైపు నుంచి కాబట్టి ఇటు తిరిగితే బాగుంటుందని ఫ్లిప్ చేశారు. కుడిచేతి బౌలరు కాస్తా ఎడమచేతి బౌలరు అయ్యాడు. పుస్తకం అచ్చయి వచ్చాక గానీ ఎవరూ చూడలేదు.

షటిల్_పిచ్చోడు
గోపీచంద్ కుడిచేతి ఆట. తిప్పితే ఫైనల్లో ఎడమచేతివాడు గెలిచినట్టు అవుతుంది. రియో ఒలింపిక్స్‌లో ఆయన శిష్యురాలు సింధుని ఓడించిన మారిన్ ఎడమచేతి ఆటగత్తె, ఆ పేజీ గనక ఉంటే అక్కడ కూడా చూసుకోండి.

ఇద్దరు_పిల్లల_అమ్మ
మోకాలి పేజీ తీసెయ్యమన్నది ఎవరో గానీ పిల్లలతో ఒక్క రోజు గడిపి ఉండరు. మా చిన్నోడికి కట్టు కట్టిన బొమ్మ కనపడితే ఆ పేజీ దాటడు. ఎట్టా పడ్డాడు, ఎక్కడ పడ్డాడు, రక్తం వచ్చిందా, ఏడ్చాడా, ఎన్ని రోజులు నడవలేదు, ఇవన్నీ అడిగి నా ప్రాణం తీస్తాడు. ట్రోఫీ పేజీని మాత్రం అర క్షణంలో తిప్పేస్తాడు. దెబ్బ తగిలింది అనేది వాళ్ళకి బాగా తెలిసిన విషయం, ఆల్ ఇంగ్లండ్ అనేది వాళ్ళకి తెలియని విషయం. తెలిసినదాన్ని తీసేసి తెలియనిది ఉంచుతారా?

కందుకూరు_మాస్టారు
అమ్మగారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు. పైగా కథ అక్కడే ఉంది. 1994లో పుణె జాతీయ క్రీడల్లో డబుల్స్ ఆడుతుండగా మోకాలి లిగమెంట్ తెగింది, అప్పటికి ఆయనకి ఇరవై ఏళ్ళు. దాని తర్వాత 1996 నుంచి 2000 దాకా వరసగా ఐదుసార్లు జాతీయ చాంపియన్. ఆ పేజీ తీసేస్తే మిగిలేది ఏంటి? పుట్టాడు, ఆడాడు, గెలిచాడు. దానికి పుస్తకం ఎందుకు, క్యాలెండరు చాలు.

కావలి_గోడబొమ్మలు
నేను కరణం మల్లీశ్వరి బొమ్మ ఒక స్కూలు గోడకి వేశాను, అందుకే పోలిక గొడవ గురించి రెండు మాటలు. మొదట ముఖం మీద కూర్చున్నా, హెడ్మాస్టరుకి నచ్చలేదు, నాకూ నచ్చలేదు. తర్వాత ముఖం వదిలి బరువు మీద పడ్డా. 2000 సిడ్నీ, 69 కిలోల విభాగం, స్నాచ్ (ఒకే ఊపులో తల పైకి) 110, క్లీన్ అండ్ జెర్క్ (ముందు భుజాలకి, తర్వాత తల పైకి) 130, మొత్తం 240, కాంస్యం. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ వెయిట్‌లిఫ్టింగ్ పెట్టిందే ఆ ఏడాది. ఇప్పుడు 130 గీయాలంటే ఎట్టా? ఆడవాళ్ళ బారు 15 కిలోలు, బిళ్ళలు జారకుండా బిగించే రెండు కాలర్లూ కలిపి 5, మిగిలింది 110, అంటే ఒక్కో వైపు 55. ఎర్ర బిళ్ళ 25, అట్టాంటివి రెండు, పక్కన ఐదు కిలోల చిన్నది. అది లెక్కేసి గీశాక భుజాలు ఎంత వంగాలో, మెడ నరాలు ఎంత ఉబ్బాలో వాటంతట అవే వచ్చాయి. ముఖం గట్టిగా బిగబట్టినప్పుడు ఎవరి ముఖమైనా మారిపోతుంది, ఫోటోలో నవ్వే ముఖం అక్కడ అతికిస్తే ప్లాస్టిక్ బరువులు ఎత్తుతున్నట్టుంటుంది. ఆ గోడ ముందు నిలబడి పిల్లలు చేసేది ఏంటో తెలుసా, బిళ్ళలు కూడుతున్నారు. లెక్కల మాస్టారు నాకు టీ ఇప్పించాడు.

ఒంగోలు_గిత్త
ఆమె చివరి ప్రయత్నం 137.5 ఎత్తలేకపోయారు కదా, అది కూడా వేశారా? అది లేస్తే మొత్తం 247.5, బంగారం మనదే. గెలిచిన చైనా అమ్మాయిది 242.5.

కావలి_గోడబొమ్మలు
వేస్తానన్నా, స్కూలువాళ్ళు వద్దన్నారు. ఓటమి గోడ మీద ఎందుకు అని. గోడకి వాళ్ళ మాట సరే, ఒకటే బొమ్మ కాబట్టి. పుస్తకానికి మాత్రం ఒప్పుకోను. 32 పేజీలున్నప్పుడు ఒక పేజీలో బారు కింద పడ్డా తప్పేంలేదు.

మైపాడు_రొయ్య
మా వాడికి అన్నం ముద్ద కింద పడినా ఓటమే.

అడ్వకేటు_అల్లుడు
ఎవరూ అడగలేదు గానీ చెప్తున్నా. ఫోటో చూసి గీయడం వేరు, ఫోటోని ట్రేస్ చేయడం వేరు. మన కాపీరైటు చట్టంలో ఫోటోకి, అది తీసినాయన బతికున్నంత కాలం, ఆయన పోయిన సంవత్సరం దాటాక ఇంకో 60 ఏళ్ళు రక్షణ ఉంటుంది. 2001లో ఆయన ట్రోఫీ ఎత్తిన ఫోటోలు అన్నీ ఇంకా ఎవరో ఒకరి సొత్తే. అదే కోణం, అదే వెలుగు, అదే చెయ్యి, అచ్చం దించితే రంగులు మీవైనా ఇబ్బందే. మీ పబ్లిషరు "అచ్చం ఆయనలా" అంటున్నారే, దాని అర్థం గూగుల్లో మొదట వచ్చే ఫోటోలా అని. ఆ ఫోటో తీసినాయన రేపు నోటీసు పంపితే సంతకం మీది కూడా ఉంటుంది.
ఇక బతికున్న మనిషి జీవితకథ. 1994లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది, ఆటో శంకర్ కేసు అంటారు. పబ్లిక్ రికార్డులో ఉన్న విషయాల మీద రాసుకోవడానికి అనుమతి అక్కర్లేదు. దాన్ని దాటి ఇంట్లో సంగతుల్లోకి వెళ్తే మాత్రం సమ్మతి కావాలి. రచనలో అమ్మానాన్నల డైలాగులు ఏమైనా ఉన్నాయా?

పెన్నా_గీతలు
రెండు పేజీల నిండా ఉన్నాయి. అమ్మ వంటింట్లో దోసె పోస్తూ పెద్ద ఉపన్యాసం.

అడ్వకేటు_అల్లుడు
ఎక్కడి నుంచి తెచ్చారో అడగండి.

ఇద్దరు_పిల్లల_అమ్మ
పిల్లల పుస్తకంలో మాటలు లేకపోతే ఎట్టా చదువుతారు? కొంచెం కల్పించుకుంటే ఏమవుతుంది, చెడుగా ఏం రాయట్లేదు గదా.

కందుకూరు_మాస్టారు
ఇక్కడ మాత్రం మీతో ఒప్పుకోను తల్లీ. కథ అని పెడితే ఎన్ని మాటలైనా రాసుకోవచ్చు. జీవితకథ అని పెట్టి, బతికున్న వాళ్ళమ్మ అనని మాట ఆమె నోట్లో పెట్టి, అది మా పిల్లలు వక్తృత్వ పోటీలో అప్పజెప్పి, రేపు ఇంటర్నెట్టంతా ఆ మాట ఆమెదేనని తిరుగుతుంది. ఆమె పని చేసుకుంటుంటే పిల్లాడు గుమ్మంలో రాకెట్ పట్టుకుని నిలబడ్డాడు, ఇది బొమ్మలో చూపిస్తే చాలు, మాట అక్కర్లేదు. మాట తగ్గితే డీటీపీ ఆయన ఒత్తులకి చోటు కూడా దొరుకుతుంది.

ట్రంకురోడ్డు_డీటీపీ
మాస్టారికి దండం 🙏

ఇద్దరు_పిల్లల_అమ్మ
సరే, కానీ రాకెట్ ఎట్టాంటిదో చూసుకోండి మరి. ఇప్పటి కార్బన్ రాకెట్ 80ల్లో పిల్లాడి చేతిలో పెడతారేమో.

షటిల్_పిచ్చోడు
మంచి పాయింటు అక్కా. మా చిన్నప్పుడు స్టీలు రాకెట్లు, తలకీ కర్రకీ మధ్య అతుకు స్పష్టంగా కనపడేది, గట్టిగా కొడితే మోగేది. అతుకు గీస్తే ఆ కాలం వచ్చేస్తుంది.

పెన్నా_గీతలు
నాకు అన్నిటికన్నా కష్టమైన పేజీ గురించి ఎవరూ మాట్లాడలేదు. ఆల్ ఇంగ్లండ్ గెలిచాక గోపీచంద్ కూల్‌డ్రింకు ప్రకటన వద్దన్నారు చూడండి, అది. రచనలో ఒకటే వాక్యం. చెయ్యకుండా ఉండటాన్ని ఎట్టా గీయాలి? చెయ్యి అడ్డం పెట్టి "వద్దు" అంటున్నట్టు గీస్తే ట్రాఫిక్ కానిస్టేబుల్‌లా వచ్చింది.

కావలి_గోడబొమ్మలు
ఖాళీ హోర్డింగు గీయండి. ఊరంతా ప్రకటనలు, చీరలు, సిమెంటు, నగలు, మధ్యలో ఒకటి తెల్లగా ఖాళీ. కింద రోడ్డు మీద ఆయన కిట్ బ్యాగు వేసుకుని స్కూటరు మీదో నడిచో ప్రాక్టీసుకి పోతున్నాడు. హోర్డింగులు చూసి చూసి నా బతుకు అదే కాబట్టి తట్టింది.

పెన్నా_గీతలు
అన్నా ఇది తీసుకుంటున్నా, అడగట్లేదు.

ఒంగోలు_గిత్త
ఖాళీ హోర్డింగు చూస్తే పిల్లలకి ఏం అర్థమవుతుంది? పెద్దవాళ్ళకే అర్థం కాదు. టు లెట్ అనుకుంటారు.

కందుకూరు_మాస్టారు
అర్థం కాకపోతే అడుగుతారు, పక్కన పెద్దవాళ్ళు ఉండేది అందుకే. అన్నీ బొమ్మే చెప్పేస్తే మాకు పనేంటి? దీనికన్నా ఇల్లు తాకట్టు పెట్టడం కష్టం. గచ్చిబౌలి అకాడమీ కోసం సొంత ఇల్లు తాకట్టు పెట్టారు, 2008లో అకాడమీ మొదలైంది. తాకట్టు అంటే రెండో తరగతి పిల్లాడికి ఎట్టా చెప్తారు?

ఇద్దరు_పిల్లల_అమ్మ
మా ఇంట్లో అందరికీ తెలుసు సార్, నా గొలుసు ఎప్పుడూ అక్కడే ఉంటుంది 😂
ఎడమ పేజీలో ఇల్లు, కుడి పేజీలో కోర్టులు, రెండిట్లో ఒకే రంగు తలుపు వెయ్యండి. తలుపు ఇటు నుంచి అటు పోయిందని పిల్లలే కనిపెడతారు. ఇంకొకటి, సింధు ఫోను పేజీ ఉందా? రియోకి ముందు మూడు నెలలు ఫోను ఆయన దగ్గరే పెట్టుకున్నారు, ఐస్‌క్రీమ్ కూడా బంద్. మా పెద్దదానికి అది చెప్తే ఆ రోజంతా గోపీచంద్ అంటే కోపం.

పెన్నా_గీతలు
ఫోను పేజీ ఉంది. టేబుల్ సొరుగులో ఫోను, సొరుగు సందులోంచి కొంచెం వెలుగు. దాని ఒక్కదాన్నే పబ్లిషరు ఏమీ అనలేదు.

షటిల్_పిచ్చోడు
కవరు సంగతి ఎటూ తేల్చలేదు. నా ఓటు ఎగిరే మనిషికే. గాల్లో మనిషి ఎంత ఎత్తు లేచాడన్నది నెట్‌తో పోల్చి చూపించండి. మోకాలి లిగమెంట్ తెగిన మనిషి అంత ఎత్తు లేచాడని కవరు మీదే తెలియాలి. లోపల మోకాలి పేజీ ఉంటేనే ఆ కవరుకి విలువ, కాబట్టి రెండూ కలిపి అడగండి, ఒకటి ఇచ్చి ఒకటి తీసుకునే బేరం పెట్టొద్దు.

ఒంగోలు_గిత్త
నేను ట్రోఫీ పార్టీ. నిజం చెప్పండి, షాపులో పుస్తకం తీసేది తాతయ్యలు. వీపు చూసి ఎవడు కొంటాడు? సెమీస్‌లో అప్పటి నంబర్ వన్ పీటర్ గేడ్‌ని ఓడించి, ఫైనల్ గెలిచి, 1980లో ప్రకాశ్ పదుకొణె తర్వాత మళ్ళీ ఇరవై ఒక్కేళ్ళకి మన దేశానికి తెచ్చిన ట్రోఫీ. దాచిపెడతారా?

ట్రంకురోడ్డు_డీటీపీ
వెనక కవరు అనేది ఒకటి ఉంటుంది అయ్యా. ముందు స్మాష్, వెనక ట్రోఫీ. రెండూ కలిపి ఒకే పొడుగు బొమ్మగా గీస్తే షటిల్ పుస్తకం వీపు కుట్టు దాటి వెనక్కి పోతుంది. ముఖం పూర్తిగా దాచకుండా పక్కకి తిప్పి సగం చూపించండి, వాళ్ళకీ మాట దక్కుతుంది. వీపు కుట్టు ఎంత మందమో ప్రెస్సువాళ్ళని ముందే అడగండి, పిన్ను కొట్టే పుస్తకమైతే అసలు వీపే ఉండదు.

పెన్నా_గీతలు
ఇవాళ పబ్లిషరుతో మాట్లాడాను. మోకాలి పేజీ ఉంటుంది, సూదీ కత్తీ కనపడకూడదన్నారు, సరేనన్నాను, మంచం మీద కాలు చాపుకుని కిటికీలోంచి షటిల్ ఆడే పిల్లల్ని చూస్తున్నట్టు మారుస్తున్నాను. కవరు డీటీపీ అన్న చెప్పినట్టే, పక్కముఖం. అమ్మ డైలాగులు రచయిత తీసేస్తానన్నారు, కాస్త అలిగారు. గుడిసె మాత్రం తేలలేదు. కనీసం ఎడ్లబండి అయినా పెట్టమంటున్నారు.

ఇంకొల్లు_మిరపకాయ
బండి పెట్టుకోమనండి, దాని మీద మిరపకాయల బస్తాలు ఉండాలి. పక్కన ట్రాక్టరు కూడా ఉండాలి. గుడిసె పెడితే మా ఊరి నుంచి వాళ్ళకి ఫోన్లు వస్తాయి.

ఒంగోలు_గిత్త
బండికి ఎవర్ని కడతారో నాకు తెలుసు. మూపురం సరిగ్గా గీయండి చాలు.

అడ్వకేటు_అల్లుడు
మార్పులు ఇన్ని అవుతున్నాయి గదా, కాగితం మీద రాసుకున్నారా? రెండు విడతల సవరణలు దాటితే అదనం అని, సగం డబ్బు రఫ్ దశలోనే అని. నోటిమాటగా ఉంటే ట్రాక్టరు తర్వాత హెలికాప్టరు అడుగుతారు.

పెన్నా_గీతలు
సగం వచ్చింది. సవరణల సంగతి రాసుకోలేదు, రేపు మెయిల్ పెడతా.

షటిల్_పిచ్చోడు
ఇంకొక్కటి, కవరు రఫ్ మళ్ళీ చూశా. నెట్ తాడు లాగి కట్టినట్టు సూటిగా ఉంది. స్తంభాల దగ్గర 1.55 మీటర్లు, మధ్యలో 1.524. కొంచెం దిగాలి. మరీ మా కోర్టులో నెట్‌లా కాదు, అది మోకాళ్ళ దాకా దిగింది.